నీలం తిరిగిన పాలు

యారాలు మంజుల అంటే రేణుకమ్మకు పడదు. ఎందుకు పడదని అడిగినోళ్లకు పది కారణాలు చెప్తది. మరిది పెండ్లాం అన్నంక సవాలక్ష ఉంటయి. నడుమ ఒక్క గోడ, ముంగట ఒకటే వాకిలి, ఒకళ్లింట్ల తాళింపు పెడితే ఇంకొకళ్లకు దగ్గొస్తది. గని అసలు కోపం వేరే ఉన్నది. అన్నదమ్ములు వేరు పడ్డనాడు మామ కుర్మయ్య బట్టల సంచి సంకల పెట్టుకొని చక్కగ మంజుల ఇంట్లకు నడిచిండు. పద్దెనిమిదేండ్లు వండిపెట్టిన పెద్దకోడలి దిక్కు మళ్లి సూడనన్న సూడలే. "పెద్దదాని కూరల్ల కారమెక్కువ, నోట్ల ఇంకా ఎక్కువ" అన్నడట. ఆ మాట చెవుల పడి మూడేండ్లాయె, ఇంకా మండుతనే ఉన్నది.

మంజుల ఇంటర్ల సైన్సు చదివింది. పెండ్లై, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ అయిదో తరగతికి వచ్చినా ఆ పిచ్చి పోలే. ఐతారం వచ్చిందంటే తల్లీబిడ్డలు వంటింట్ల చేరి ప్రయోగాలు మొదలు పెడ్తరు. మంది కోడిగుడ్డును ఉడకబెట్టుకొని తింటరు. వీళ్లు సిర్కాల, అదే వెనిగర్ల, నానబెట్టి, పెంకు కరిగించి, మెత్తటి గుడ్డును అరచేతుల పెట్టుకొని మురుస్తరు. పసుపు రాసిన కాయితం మీద సబ్బునీళ్లు చల్లి, ఎర్రగైందని ఎగురుతరు. తాంబాలంల నీళ్లు పోసి, నడుమ మైనపుబత్తి ముట్టించి, గిలాస బోర్లిస్తరు. బత్తి ఆరిపోయి నీళ్లు గిలాసలకు ఎక్కుతయి. ఇగ సూడాలె వాళ్ల చప్పట్లు! గోడకు ఇవతల పెండ ఎత్తుకుంట రేణుకమ్మ ఆ చప్పట్లు ఇంటది, పండ్లు కొరుకుతది. పనిలేని ముండలకు గిట్లనే ఉంటదని బర్రెతోని చెప్తది. బర్రె మంచిది, ఎదురు మాట్లాడదు.

ఆ ఐతారం మంజుల దెబ్బలకు పూసే టింక్చర్ అయోడిన్ సీస కొనుక్కొచ్చింది. బిడ్డ ప్రియదర్శినితో పాటు, ఆమెతోని చదివే ఎయిర్‌పోర్టు కాలనీ పిల్ల కూడా కూసున్నది. ఆ పిల్లను తీస్కపోనీకి వచ్చిన తల్లి ప్రేమలత మేడం గడపల నిలవడ్డది. ఆమె భర్తకు ఎయిర్‌పోర్టుల ఉద్యోగం, ఊరు గుంటూరు దిక్కు. రేణుకమ్మ పాలు పోసే పద్నాలుగు ఇండ్లల్ల ఆమెదే మొదటి ఇల్లు.

"పిండి ఉన్నకాడ నీలం తిరుగుతది, లేనికాడ తిరగదు" అని మంజుల చెప్పుకుంట పోతున్నది. అన్నం మెతుకు మీద చుక్క వేస్తే తిరిగింది. ఆలుగడ్డ మీద తిరిగింది. దోసకాయ ముక్క మీద తిరగలే. "పాలల్ల కూడ తిరగదు, సూడుండ్రి" అని, మామ కోసం పొద్దుగాల రేణుకమ్మ ఇచ్చిపోయిన పాలు కొన్ని గిన్నెల పోసి రెండు చుక్కలు వేసింది.

తిరిగింది. నీలంగ, ఎంత నీలమంటే పిల్లలిద్దరు "అబ్బ!" అన్నరు. మంజుల చేయి ఆగిపోయింది. ప్రేమలత మేడం అప్పటికప్పుడే బిడ్డ చేయి పట్టుకొని పోయింది.

సోమవారం పొద్దుగాల రేణుకమ్మ క్యాన్ ఎత్తుకొని కాలనీకి పోయేసరికి మేడం గేటు కాడనే నిలవడి ఉన్నది. చేతుల గిన్నె లేదు.

"ఏమనుకోకు రేణుకమ్మా. పిల్లలు తాగే పాలు. ఇక మాకు వద్దు."

"ఏమైంది మేడం?"

"పిండి కలుపుతున్నావట కదా. నేను కళ్లారా చూశాను, నీలంగా మారిపోయాయి."

రేణుకమ్మ అక్కడికెల్లి కదిలింది. పక్కింటికి పోయింది. వద్దన్నరు. ఆ పక్కింటికి పోయింది. తలుపే తీయలే. పద్నాలుగు ఇండ్లు, పద్నాలుగు వద్దులు. ఆఖరి ఇంట్ల ఒక పొట్టి పిల్ల కిటికీలకెల్లి తొంగి చూసి "అమ్మా, పిండిపాల ఆంటీ వచ్చింది" అని అరిచింది. ఒక్క రాత్రిల పేరు కూడా పెట్టేసిన్రు! తల కొట్టేసినట్టయింది. మూడేండ్ల సంది వానకు, ఎండకు, ఎయిర్‌పోర్టు కార్లు మీదికొచ్చినా ఆగకుంట పాలు పోసిన మనిషికి దక్కిన పేరది.

నిండు క్యాన్‌తోని ఇంటికొచ్చి, దాన్ని వాకిట్ల దబ్బున దించి, ఒంటికాలి మీద లేచింది.

"ఏయ్ మంజులా! రాయే బయటికి! నీ నోట్ల మన్నువడ! నా పాలల్ల పిండి ఉన్నదని ఊరంత చాటుకొస్తివా?"

మంజుల చేతులు తుడుచుకుంట వచ్చింది. "నేనెవలికీ చెప్పలే అక్కా. మేడం గడపల్నే ఉన్నది, కండ్లతోని చూసింది."

"నేను పిండి కలిపిన్నా? నా కండ్లల్లకు చూసి చెప్పు, కలిపిన్నా?"

మంజుల నేల చూపులు చూసింది. "అయోడిన్ అబద్ధం చెప్పదక్కా."

అంటే అబద్ధం నువ్వే చెప్తున్నవని. రేణుకమ్మకు కాళ్లకాడ చీపురు దొరికింది, గని ప్రియదర్శిని తల్లి కొంగు పట్టుకొని నిలవడ్డది. చీపురు కింద పడేసి ఇంట్లకు పోయింది.

ఇంట్ల ఇంకోటి కాసుకొని ఉన్నది. పెనిమిటి మల్లేశ్వర్ కొత్తూరు ఫ్యాక్టరీల వాచ్‌మెన్ పని దిగి వచ్చి, మంచం మీద కూసొని మెల్లగ అడిగిండు: "నిజం చెప్పు. ఏమన్న కలిపినవానే?"

"నువ్వు గూడనా?" అన్నది. కాలనీవోళ్లు అన్నందుకు ఏడ్వలే, మంజుల అన్నందుకు ఏడ్వలే. గిప్పుడు ఏడ్పొచ్చింది. "ఇరవయ్యొక్క ఏండ్లు కాపురం చేసి నువ్వు గూడనా? పిండి ఎన్నడు పట్టలే నా చేయి. నీళ్లంటవా, పోస్త. క్యాన్‌కు చెంబెడు. మీ అమ్మ నేర్పిన లెక్కనే. నీళ్లు పొయ్యనోళ్లు పాలమ్ముతరా యాడనన్న? పిండి కలుపుడు దొంగతనం!"

"జర మెల్లగ!" అని మల్లేశ్వర్ తలుపు దగ్గరికేసిండు.

"కాలనీవోళ్ల కండ్ల ముంగట చూపెడ్త. మళ్ల ఆ సీసతోనే, ఆమె చేతులతోనే."

"పిచ్చిగాని పట్టిందా? పరీక్ష పెడితే నీళ్ల ముచ్చట బయట పడదా?"

రేణుకమ్మ కండ్లు తుడుచుకున్నది. ఆమె తెలివి తక్కువది కాదు. "బర్రెనే తోల్కపోత. వాళ్ల గిన్నెలకే పాలు తీస్త. బర్రె పొదుగుల నీళ్లు ఏడికెల్లొస్తయి?"

మంగళవారం సాయంత్రం నాలుగ్గొట్టంగ బర్రెను విప్పింది. దుడ్డె మూతి పెట్టకుంటే బర్రె చేపదు, పాలు దించదు కాబట్టి దుడ్డెను ముంగటేసింది. క్యాన్, వడగట్టే గుడ్డ సంకల పెట్టుకున్నది. మంజుల వాకిట్ల బట్టలు తీస్తుంటే ఎదురుంగ పోయి నిలవడ్డది.

"నడువు. నీ సీస పట్టుకొని నడువు. అది అబద్ధం చెప్పదు గదా, నా దిక్కు గూడ నిజం చెప్పాలె ఒకసారి."

మంజుల వద్దనలే. ఆమెకూ రెండు దినాల సంది అన్నం సహిస్తలేదు. ఇద్దరు కాలనీదాక నడిచిన్రు, నడుమ బర్రె.

కాలనీ గేటు కాడ వాచ్‌మెన్ అడ్డమొచ్చిండు. బర్రెలు లోపలికి రావొద్దట. "నా బర్రె నీకంటె శుభ్రంగ ఉంటది, జరుగు" అన్నది రేణుకమ్మ. నెత్తిమీదికెల్లి విమానం ఇండ్లు అదిరేటట్టు పోయింది. వాడు చెవులు మూసుకున్నంతల ఆమె బర్రెతో సహా లోపలికి జొచ్చింది.

ప్రేమలత మేడం ఇంటి ముంగట బర్రెను గేటుకు కట్టేసి, మంది వచ్చేదాక గొంతు చించుకున్నది. ఆడోళ్లందరు వచ్చిన్రు. మేడం చేతనే స్టీలు గిన్నె తెప్పించింది, నీళ్లు ఒక్క చుక్క లేకుంట తుడిపించింది. దుడ్డెను విడిచి, చేపినంక గుంజి కట్టేసి, కింద కూసొని పాలు తీసింది. సర్ సర్ మని గిన్నె నిండింది.

"ఇగ వెయ్యి నీ చుక్కలు."

మంజుల కొన్ని పాలు గిలాసల వంచి రెండు చుక్కలు వేసింది. లేత పసుపైంది గని నీలం లేదు.

"సూసిన్రా? కండ్లు తెరిచి సూడుండ్రి!" రేణుకమ్మ మందిని చుట్టూ చూసింది.

"ఈ పాలు బాగానే ఉన్నాయి" అన్నది మేడం. "కానీ మాకు పోసినవి ఇవి కాదుగా?"

"ఇవే! దినాం ఎట్ల తెస్తనో అట్లనే చేసి చూపెడ్త" అని క్యాన్ మూతికి గుడ్డ కట్టింది. మళ్ల కొన్ని పాలు తీసి, దానిమీదికెల్లి వడగట్టి, ఇంకో గిలాసల పోసిచ్చింది. మంజుల చుక్కలు వేసింది.

నీలం తిరిగింది.

"అదిగో!" అన్నరెవరో. రేణుకమ్మ గిలాస గుంజుకొని చూసింది. తన చేతులతోని తనే చేసుకున్న పరీక్ష! "నేనేం కలిపిన? మీ అందరి ముంగటనే గదా పోసిన!" అని అరిచింది. మేడం పెదవి విరిచింది.

మంజుల మాత్రం క్యాన్ దిక్కే చూస్తున్నది. ఒంగి, మూతికి కట్టిన గుడ్డ అంచు వేళ్లతోని నలిపింది. తడవని కాడ గుడ్డ గరగరలాడుతున్నది.

"ఈ గుడ్డ ఏడిదక్కా?"

"పాతది చినిగింది. మామను అడిగితే పాత పంచె ఇచ్చిండు. శనివారం సంది అదే కడుతున్న."

మంజుల గుడ్డ అంచు మీద ఒక్క చుక్క వేసింది. నీలం కాదు, నల్లగనే అయింది. ఆమె మొఖం తెల్లగ పోయింది. మామకు పంచె పెళపెళలాడాలె, లేకుంటే కట్టడు. ఆయన బట్టలు ఉతికేది, అన్నం వార్చిన గంజి చిక్కగ పట్టించి ఆరేసేది ఆమెనే.

"మేడం," అని మంజుల గట్టిగనే చెప్పింది, "పాలల్ల ఏం లేదు. ఈ గుడ్డకు గంజి ఉన్నది. గంజంటే బియ్యప్పిండే. పాలు వడగట్టినప్పుడల్ల అది దిగుతున్నది. ఆ గంజి పెట్టింది నేనే. గుడ్డ సంగతి అడగకుంటనే మా అక్క మీద నింద పడనిచ్చిన. తప్పు నాది."

ఇగ రేణుకమ్మను పట్టేటోళ్లెవరు? మూడేండ్ల మంట ఒక్కసారే బయటికొచ్చింది. "ఇన్నరా? చదువుకున్నదట! సైన్సట! దాని చేతి గంజి నా మెడకు చుట్టింది! పిండిపాల ఆంటీ అన్న పిల్ల ఏది? పిలువుండ్రి! ఒక్కొక్కళ్లు నా ముంగటికొచ్చి చెప్పుండ్రి, రేణుకమ్మ పిండి పొయ్యలేదని!" మంజుల తలవంచుకొని ఇన్నది. ఆ వంచిన తలను చూస్తుంటే రేణుకమ్మకు కడుపు నిండింది.

"పొరపాటైంది రేణుకమ్మా. క్షమించు" అన్నది ప్రేమలత మేడం. "రేపట్నుంచి మామూలుగా పాలు తీసుకురా." మిగిలినోళ్లు గూడ సరేనన్నరు. మేడం పాల గిన్నె లోపల పెట్టనీకి ఎత్తి, జర వంచి చూసి, ఆగింది.

"అదేంటి, ఇవి ఇంత చిక్కగా ఉన్నాయి? నువ్వు రోజూ పోసేవి ఇలా ఉండవే?"

అందరు గిన్నెలకు తొంగి చూసిన్రు. మంచి పాలు ఎట్లుంటయో చూపెట్టింది రేణుకమ్మనే. పద్నాలుగు ఇండ్లు దగ్గరికొచ్చినట్టే వచ్చి మళ్ల జారిపోతున్నయి.

"అప్పుడే తీసినవి మేడం, నురుగు మీద అట్ల కనిపిస్తయి" అన్నది మంజుల. తడుముకోలే. "క్యాన్‌ల పడి, నడకకు ఊగి ఊగి వచ్చేసరికి పల్చగైతయి. సైన్సే అది."

"అవునా? అలాగా" అన్నది మేడం. నమ్మింది. అందరు నమ్మిన్రు. అయోడిన్ తెచ్చిన మనిషి చెప్తే నమ్మరా?

అది ఒట్టి అబద్ధమని అక్కడ ఇద్దరికే తెలుసు. మంజుల మెల్లగ రేణుకమ్మ దిక్కు చూసింది. లెక్క సరిపోయింది గదా అక్కా అన్నట్టున్నది ఆ చూపు. దాంట్ల దయ గూడ ఉన్నది. ఆ దయనే చూడలేకపోయింది రేణుకమ్మ. ఇగ పొద్దున లేస్తే అదే వాకిలి, అదే గోడ, అదే చూపు. పోసే ప్రతి చెంబు పాలు మంజుల పెట్టిన భిక్ష. మామను గుంజుకున్నది, ఇప్పుడు ఇజ్జత్ గూడ ఆమె చేతికెల్లే తీసుకోవాల్నా?

"అబద్ధం!" అని అరిచింది. "ఇది చెప్పేది అబద్ధం! నేను నీళ్లు పోస్త. క్యాన్‌కు చెంబెడు. మొదటి దినం సంది పోస్తున్న!"

"అక్కా..." అని మంజుల చేయి పట్టుకోబోయింది. రేణుకమ్మ ఇదిలించుకున్నది. "నువ్వు కాపాడితే బతికే బతుకు నాకొద్దు!"

ప్రేమలత మేడం గిన్నె మెల్లగ గేటు పక్క అరుగు మీద పెట్టి, చేతులు తుడుచుకొని, లోపలికి పోయింది. తలుపు గడియ పడ్డది. ఆడోళ్లు ఒక్కొక్కళ్లే ఎవలింటికి వాళ్లు మర్లిన్రు.

"పిండి మాత్రం పొయ్యలే" అన్నది రేణుకమ్మ వాళ్ల ఈపుల దిక్కు చూసి. "మేడం! పిండి ఎన్నడు పొయ్యలే నేను!"

ఆ మాట ఇననీకి ఆడ మంజుల ఒక్కతే మిగిలింది.