బదిలీ వచ్చేదాకా

మనిషి ఛాతీ పట్టుకుని కూలబడుతుంటే చేతిలో సోడా సీసా పెట్టి, బదిలీ మనిషి వచ్చేదాకా సాంచెలు చూసుకోమన్నది ఎవరు? మీరే. కార్ఖానాలు నడిపే సేఠ్‌లారా, వాళ్ల తరఫున పెత్తనం చేసే మాస్టర్లారా, ఏ నొప్పికైనా ఒకటే గ్యాస్ గోలీ తీసిచ్చే మందుల షాపులవాళ్లారా, మీరే. నర్సింగం బతికాడు కదా అని ఊపిరి పీల్చుకోకండి. అతను మీ వల్ల బతకలేదు. మీరున్నా బతికాడు.

ఏం జరిగిందో వినండి.

సూరత్‌లోని లింబాయత్‌లో ఆటో కూడా తిరగలేని గల్లీ ఒకటుంది. అటూ ఇటూ సాంచెల, అంటే కరెంటు మగ్గాల కార్ఖానాలు, వాటి మీద రేకుల గదులు. అలాంటి ఓ గదిలో నర్సింగం పెళ్లాం వినోద మెస్సు నడుపుతుంది. ఊళ్లో పెళ్లాంపిల్లల్ని వదిలి ఒంటరిగా వచ్చిన తెలంగాణ మగ్గం పనివాళ్లకు ఇంత అన్నం, పప్పు, పచ్చిపులుసు వండి, మధ్యాహ్నం క్యారియర్లు పట్టుకుని కార్ఖానా కార్ఖానాకి తిరిగి ఇచ్చి వస్తుంది. నర్సింగం సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చినవాడు. ఊళ్లో నాలుగు సాంచెలు చూసినవాడికి ఇక్కడ పన్నెండు అప్పజెప్పారు. పన్నెండు గంటల పాళీ, అంటే షిఫ్టు. పోగు తెగితే ముడెయ్యాలి, నూలు కండె అయిపోతే మార్చాలి, మళ్లీ ఆ చివరికి ఉరకాలి. కూర్చునే పని కాదు.

ఆ కార్ఖానాల్లో ఒక ఆచారం ఉంది. ఎక్కడా రాసి పెట్టలేదు గానీ అందరూ పాటిస్తారు. నడుస్తున్న సాంచెను నడుస్తుండగానే ఇంకొకడి చేతిలో పెట్టి పోవాలి. జ్వరమొచ్చినా, వాంతులైనా, ఊళ్లో తల్లి పోయిందని ఫోనొచ్చినా సరే, బదిలీ మనిషి వచ్చేదాకా కదలడానికి లేదు. ఎందుకంటే సాంచె ఆగి మళ్లీ మొదలైతే గుడ్డ మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. దాన్ని పట్టీ అంటారు. పట్టీ పడ్డ గుడ్డను వ్యాపారి తీసుకోడు. ఆ నష్టం సేఠ్ భరించడు, పనివాడి కూలిలోంచి లాగుతాడు. ఇలా ఏళ్ల తరబడి లాగి లాగి, సాంచె ఆపడమంటే పాపం చేయడమన్నంత భయం ఎక్కించారు. చివరికి ఎవడూ చెప్పక్కర్లేకుండా మనిషే తనకు తాను కాపలా ఉంటున్నాడు.

ఏప్రిల్ నెల. రేకుల కింద గాలి పొయ్యిలోంచి వచ్చినట్టుంది. వినోద క్యారియర్లు పట్టుకుని లోపలికి వచ్చేసరికి నర్సింగం నూలు చుట్టే ఖాళీ బీము మీద కూర్చుని ఉన్నాడు. పని వేళలో ఆ మనిషి కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. పక్కన సగం తాగిన సోడా సీసా. అక్కడ అందరి చొక్కాలూ తడిసే ఉంటాయి గానీ ఇతని చొక్కా బకెట్లోంచి తీసి తొడిగినట్టుంది. నుదురు ముట్టుకుంటే ఐసులా తగిలింది. మొహం బూడిద రంగు. ఎడమ చేతిని కుడి చేత్తో, పరాయివాడి వస్తువేదో మోస్తున్నట్టు పట్టుకుని ఉన్నాడు.

ఆ మోతలో మాట వినబడదు. చెవి దగ్గర నోరు పెట్టి అడగాల్సిందే. ఏమైందని అడిగితే ఏం లేదన్నాడు. పొద్దున్నుంచి రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుందట, దవడ గుంజుతోందట, గ్యాసేనట. మాస్టర్ దేవదాస్ వచ్చాడు. వీళ్ల జిల్లావాడే, సేఠ్ తరఫున కార్ఖానా చూసుకుంటాడు. పొద్దున ఫాఫ్డా తిన్నాడు, నూనె పడలేదు, బదిలీకి ఫోను చేశాను, ఉన్ ఏరియా నుంచి బయల్దేరాడు, ఆటో దొరికితే వచ్చేస్తాడు, అని ఆమె చెవిలో అరిచాడు. చెడ్డవాడేం కాదు. సోడా తన డబ్బుతోనే తెప్పించాడు. అదే కదా ఇక్కడి రోగం. మంచివాళ్లు కూడా చేసేది సోడా తెప్పించడమే.

వినోద మొగుడి రెక్క పట్టుకుని లేవమంది. అతను కదల్లేదు.

"బదిలీ రానియ్యే. వచ్చినంక పోదాం."

అప్పుడే అవతల నాలుగో సాంచె మీద పోగు తెగింది. ఆ మనిషి లేచాడు. పెళ్లాం లాగితే లేవనివాడు పోగు తెగితే లేచాడు. గోడ పట్టుకుని, ఒంగి ఒంగి నడిచి, ముడి వేశాడు. వేసి, సాంచె మీదే తల ఆన్చాడు.

వినోదకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. క్యారియర్లు నేల మీద పెట్టి, తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్చు దగ్గరికి పోయింది. ఇన్నేళ్లుగా దాని ముందు నుంచే తిరిగింది గానీ ఎన్నడూ దాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులా పట్టుకుని పిడి కిందికి గుంజింది.

కార్ఖానా మొత్తం ఆగిపోయింది.

ఆ గల్లీలో పట్టపగలు ఒక కార్ఖానా మోత ఆగితే, ఇల్లు కూలిన చప్పుడు విన్నట్టు జనం బయటికి వస్తారు. పక్క కార్ఖానాల తెలుగువాళ్లు, ఒరియావాళ్లు, బిహారీలు తలుపుల దగ్గరికి వచ్చి తొంగి చూశారు. దేవదాస్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఏం జేసినవ్ వదినా? పన్నెండు సాంచెల మీద పట్టీ పడ్తది."

"పడనియ్యి. ఈయన మీద తెల్లగుడ్డ పడేకంటే నీ గుడ్డ మీద పట్టీ పడుడే నయం."

దేవదాస్ ఇంకేదో అనబోయి నర్సింగం మొహం చూశాడు. మోతలో కనబడనిది నిశ్శబ్దంలో కనబడింది కాబోలు, కుర్చీ తెమ్మని కేకేశాడు. ఇద్దరు ఒరియా కుర్రవాళ్లు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. దాంట్లో కూర్చోబెట్టి, నడవనివ్వకుండా, నలుగురు మోసుకుంటూ గల్లీ చివరి దాకా తీసుకుపోయి ఆటో ఎక్కించారు. ఆటోలో కూడా నర్సింగం అడిగింది ఒకటే, బదిలీ వచ్చాడా అని. వినోద అతని నోరు చేత్తో మూసేసింది.

దూరంగా ఉన్న పెద్ద సర్కారు దవాఖానలో మంచం ఎక్కించీ ఎక్కించకముందే ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీశారు. డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు మౌక్తిక, విజయవాడమ్మాయి, సూరత్‌కు వచ్చి ఏడాది కాలేదు. ఆ కాగితం ఇలా చూసిందో లేదో గోలీలు నమలమని నోట్లో పెట్టింది, నర్సులను ఉరికించింది, నరంలోకి రక్తపు గడ్డను కరిగించే సూదిమందు ఎక్కించింది. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే వెంట వచ్చిన పనివాళ్లెవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. మొదటి బీము మార్చినప్పుడు అని ఒకడు, కాదు చాయ్ అప్పుడు అని ఇంకొకడు. డాక్టరు పళ్లు కొరికింది గానీ తిట్టలేదు.

మందు ఎక్కుతుండగా వినోదను పక్కకు పిలిచి కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది గ్యాస్ కాదమ్మా, గుండెపోటు. గుండె అంటే పిడికిలంత కండ. అది ముడుచుకుని విప్పుకుంటూ ఒళ్లంతటికీ రక్తం తోస్తుంటుంది. కానీ లోపల అంత రక్తం ఉన్నా దాంట్లోంచి గుండె తాగదు. దాని తిండి దానికి వేరే రావాలి. పైన సన్నటి రక్తనాళాలు ఉంటాయి, వాటిలోంచి వస్తుంది."

వినోద ఆలోచించింది. గల్లీ అందరికీ తనే వండుతుంది, కానీ వంట గంజులో మూతి పెట్టి తినదు కదా. తన కంచం వేరే. తనకు కంచం పెట్టుకోవడం మరిచిన రోజు సాయంత్రానికి కాళ్లు తేలిపోతాయి. ఆ మాటే పైకి అంది.

"అదేనమ్మా. ఇప్పుడు ఆ కంచానికే అడ్డం పడింది." ఆ నాళాల గోడలకు ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుందనీ, ఒకరోజు ఆ పొర చిట్లి రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుందనీ, అప్పటినుంచి ఆ నాళం మీద ఆధారపడ్డ కండ తిండి లేక చస్తూ ఉంటుందనీ డాక్టరు చెప్పింది. చచ్చిన కండ మళ్లీ పుట్టదు. అందుకే ఎంత తొందరగా వస్తే అంత గుండె మిగులుతుంది. సోడా తాగుతూ కూర్చున్న సేపంతా గుండెను కొంచెం కొంచెంగా పోగొట్టుకున్నట్టే.

ఇంతకుముందు ఏమైనా అనిపించిందా అని డాక్టరు ఆరా తీస్తే అప్పుడు బయటపడింది. నెల రోజులుగా మెట్లెక్కితే రొమ్ము పట్టేస్తోంది, కూర్చుంటే విడిచిపోతోంది. నర్సింగం పెళ్లానికి చెప్పలేదు. మందుల షాపులో చెప్పాడు. వాళ్లు గ్యాస్ గోలీలిచ్చారు. బీపీ ఎన్నడూ చూపించుకోలేదు. నోట్లో పొద్దస్తమానం మావా, అంటే వక్కా తంబాకూ కలిపి నలిపింది. నిద్ర రాకుండా ఉండాలంటే అదే దిక్కు, పన్నెండు గంటల పాళీ మరి.

సాయంత్రానికి నొప్పి దిగింది. రెండోసారి తీసిన ఈసీజీలో గీత చాలావరకు సర్దుకుందని డాక్టరు చూపించింది. మర్నాడు మణికట్టు దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, మూసుకున్నచోట స్ప్రింగులాంటి చిన్న గొట్టం పెట్టారు. కొంత కండ పోయింది, చాలా మిగిలింది. తంబాకు ముట్టకుండా, మందులు మానకుండా, రోజూ నడుస్తూ ఉంటే మిగిలిన గుండెతో మనవళ్లను ఎత్తుకుంటాడని డాక్టరు గట్టిగా చెప్పింది. వినోద అప్పుడు ఏడ్చింది. వార్డు బయట, గోడకు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని.

మూడోరోజు దేవదాస్ కొబ్బరిబోండాలు పట్టుకుని వచ్చాడు. బోండాలతో పాటు సేఠ్ మాట కూడా తెచ్చాడు. పట్టీ పడ్డ గుడ్డంతా నర్సింగం లెక్కలో రాశారట, సాంచెలు బదిలీవాడికే ఇచ్చేశారట. చెప్పేటప్పుడు నేల చూశాడు. మంచం మీద నర్సింగం మొహం వాడిపోయింది. బతికినందుకు సంతోషించాలో, పని పోయినందుకు భయపడాలో తెలియని మొహం.

వినోద దేవదాస్ రెక్క పట్టుకుని డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి, ఈయన బీపీ కూడా చూడండి మేడం అంది. నాకెందుకు వదినా, నాకేమైందని అతను గొణిగాడు. డాక్టరు చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి, మళ్లీ ఒకసారి కొట్టి, చీటీ రాయడం మొదలుపెట్టింది.

"ఎంతున్నది మేడం?"

"ఇవాళ్టి నుంచి మందు వేసుకోవాల్సినంత."

"సోడా తాగితే దిగదా?"

వార్డులో మొదట నవ్వింది నర్సింగమే. గట్టిగా నవ్వితే రొమ్ముకేమైనా అవుతుందేమోనని మెల్లగా నవ్వాడు. దేవదాస్ నవ్వలేదు. చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

నర్సింగం ఇంటికొచ్చాడు. పొద్దునా సాయంత్రం గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు నడక. మెస్సులో ఉప్పూ నూనే తగ్గాయి. ఇది పప్పా పసుపు నీళ్లా అని తినేవాళ్లు గొణిగారు. దవాఖాన తిండి తిందామా, ఇది తిందామా, మీరే చెప్పండి అని వినోద గరిటె ఊపింది. వాళ్లలో నలుగురైదుగురు చెప్పకుండా పోయి బీపీ చూపించుకొచ్చారు. వచ్చి, తమ నంబర్లు పందెం కాసినట్టు ఒకరికొకరు చెప్పుకున్నారు.

వారానికోసారి వచ్చే కరెంటు సెలవు ముగిసిన పొద్దున, సాంచెలు ఇంకా మొదలవకముందే, పనివాళ్లు కార్ఖానా ముందు కూడారు. ఎవరు పిలిచారంటే వినోదే పిలిచింది. అన్నం తినేచోట చెప్పిన మాట గల్లీ అంతా పాకింది. సేఠ్ వచ్చాడు. నర్సింగాన్ని గుడ్డ మడతపెట్టే పనిలో, కూర్చుని చేసుకునే పనిలో పెట్టుకుంటానన్నాడు. పట్టీ నష్టం ఈ ఒక్కసారికి వదిలేస్తానన్నాడు. జనం సంతోషపడ్డారు. నర్సింగం కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దండం పెట్టబోయాడు. వినోద అతని చేతులు పట్టుకుని కిందికి దించింది.

ఆమెకు గుజరాతీ రాదు, హిందీ అంతంత మాత్రం. తన మాట సేఠ్‌కు చెప్పమని దేవదాస్ వైపు తిరిగింది. ఇన్నాళ్లూ సేఠ్ మాటను పనివాళ్లకు మోసినవాడు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, సేఠ్ పక్క నుంచి జరిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. నిలబడి, ఆమె ఒక్కో మాటా అంటుంటే ఒక్కో మాటా హిందీలో గట్టిగా చెప్పాడు.

"ఈ ఒక్కసారికి అంటే మాకొద్దు సేఠ్. రేపు ఇంకొకని రొమ్ము నొస్తది. ఎవడైనా సరే, రొమ్ము పట్టుకున్నడంటే ముందు సాంచెలు ఆగాలె. బదిలీ కోసం చూసుడు బంద్. ఆపినోని కూలి పైస కూడా కొయ్యొద్దు. దవాఖానకు పోయే బండి నువ్వే పెట్టాలె, ఫోన్ నంబర్ తలుపు మీద రాయాలె. నెలకొకసారి అందరి బీపీ, షుగర్ ఈడనే చూపించాలె. పన్నెండు గంటల పాళీ తగ్గించే మాట కూడా ఇయ్యాల్నే మొదలుపెట్టాలె, రేపు మాపు అంటే నడవది. సర్కారోళ్లకు కూడా మేము పోయి చెప్తం, లింబాయత్ దవాఖానల ఈసీజీ మిషన్, సూదిమందు, రాత్రింబగళ్లు ఒక డాక్టరు ఉండాలె. నీ సాంచె ఆగితే మల్ల నడుస్తది సేఠ్. మా గుండె నడవది. స్విచ్చు పిడి మీద అందరికీ హక్కున్నదని ఇప్పుడే, ఈ జనం ముంగటనే చెప్పు. చెప్పినంకనే మెయిన్ వెయ్యి."