లోలా బసిలిసా గడపకొచ్చిన చర్చి

పడవ దిగగానే పాస్టర్ హెర్మీనియా చూపు అలవాటుగా ఏటిగట్టు మీదికి పోయింది. అక్కడ చర్చి లేదు.

పోయినేడు వెదురు గోడలతో, తాటాకు కప్పుతో ముచ్చటగా నిలబడ్డ చోట ఇప్పుడు గుంజల కింది రాళ్లు మాత్రం మిగిలాయి. ఏటా వచ్చినట్టే ఇలోయిలో పట్నం నుంచి ఆమె వెంట వచ్చిన ఆరుగురూ మందుల పెట్టెలు పట్టుకుని దిక్కులు చూస్తున్నారు. ఊళ్లో మనిషి అలికిడి లేదు. ఒక కుక్క వచ్చి అందరినీ వాసన చూసి, వీళ్లతో పనేమీ లేదనుకుని వెళ్లిపోయింది.

తుఫాను అయితే ఇళ్లన్నీ వదిలేసి చర్చినొక్కదాన్నే ఎత్తుకుపోదు కదా. ఊరంతా సమాధుల దగ్గర ఉందేమో. లోలా బసిలిసా పోయిందేమో.

లోలా అంటే వాళ్ల భాషలో అవ్వ, ఆ ఊరందరికీ ఆమె అవ్వే. తొంభై ఒక్కేళ్లు. నడుం విరిగి నాలుగేళ్లుగా కొండవాలు మీది గుడిసెలో చాప మీదే ఉంది. ఎవరైనా ఎత్తబోతే కేక పెడుతుంది, ఆ కేక ఏటిదాకా వినిపిస్తుంది. ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే, బాప్తిస్మం. పోయినేడు హెర్మీనియా గిన్నెలో నీళ్లు పట్టుకుని గుడిసెకే వెళ్లింది.

"పడుకోబెట్టి నీళ్లు చల్లడానికి నేనేమన్నా సంతలో కూరకట్టనా?" అంది లోలా.

"దేవుడికి ఎక్కడైనా ఒకటేనే, లోలా."

"ఆయనకి ఒకటే. నాకు కాదు. మా వాళ్లందరూ కూర్చునే చోట, మా వాళ్లందరి ముందూ తీసుకుంటా. ఇలా మూలన దొంగచాటుగా నాకొద్దు."

గంటసేపు బతిమాలి బతిమాలి హెర్మీనియాకు ఒళ్లు మండింది. "అయితే వచ్చే ఏడు నడిచి రా!" అనేసి గిన్నె తీసుకుని దిగి వచ్చేసింది. మంచాన పడ్డ ముసలిదాన్ని అనాల్సిన మాటేనా అది? ఏడాదంతా ఆ మాట ఆమెను ముల్లులా పొడుస్తూనే ఉంది. ఈసారి వచ్చింది అసలు క్షమాపణ అడగడానికే.

అప్పుడు కొండమీంచి ఒక్కపెట్టున కేక వినిపించింది. వందమంది గొంతుల హైలెస్సా. హెర్మీనియా తలెత్తింది. కొబ్బరిచెట్ల మధ్య తాటాకు కప్పు ఒకటి పైకి పోతోంది. కింద వెదురు గోడలు, గోడల కింద వరసగా కాళ్లు. చర్చి నడుస్తోంది.

సిలువతో సహా, గంటతో సహా చర్చి మనుషుల భుజాల మీద కొండెక్కుతోంది! అడుగు తడబడ్డప్పుడల్లా గంట దానంతటదే మోగుతోంది. ముప్పై ఏళ్లుగా దేవుడి మాటలు చెప్పుకుంటూ తిరిగిన మనిషి, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

తర్వాత చెప్పులు విడిచి పరుగెత్తింది.

"అయ్యో, అప్పుడే వచ్చేశారా పాస్టరమ్మా!" చర్చి అడుగున కట్టిన ముందు వాసం మోస్తున్న ఊరిపెద్ద ఇస్యోంగ్ రొప్పుతూ అన్నాడు. "మీరొచ్చేసరికి అంతా సర్దేసి ఏమీ ఎరగనట్టు కూర్చుందామనుకున్నాం."

"ఏంటయ్యా ఇది?"

"లోలా నడుం కదలదు. చర్చి కదులుతుంది. ఇల్లు మారితే ఇంటినే ఎత్తుకుపోయేవాళ్లం, మోయడం మాకు కొత్తా? పక్కకి జరగండి, కాలు నలిగిపోద్ది!"

ఆమె జరగలేదు. వాసం కింద భుజం పెట్టింది.

గుడిసె పక్కనే దించారు. రెండింటికీ మధ్యనున్న గోడతడికల కట్లు విప్పి తీసేశారు. చర్చి నేల నాలుగు వేళ్లు ఎత్తుగా ఉంది. మళ్లీ లేపి రాళ్లు మార్చారు. మూడోసారికి రెండు నేలలూ కలిశాయి. లోలా కూతురు సలుద్ అరటిదొప్పలు చీల్చి, జారుడు వైపు పైకి ఉండేలా పరిచింది. నలుగురు చాప అంచులు పట్టుకున్నారు.

అంగుళం. ఇంకో అంగుళం. ఎవరూ ఊపిరి పీల్చడం లేదు. ఇంత చేశాక ముసలామె ఒక్క కేక పెడితే అంతా వృథా. లోలా కళ్లు మూసుకుని పెదవి కొరుక్కుంటోంది. తల గడప దాటింది, నడుం దాటింది.

"ఊపిరి బిగబట్టి చావకండర్రా," అంది లోలా కళ్లు తెరవకుండానే. "వరసలో ముందు నేనున్నా."

ఊరంతా ఒక్కసారిగా నవ్వింది, ఏడ్చింది కూడా. హెర్మీనియా ఆమె పక్కన మోకరించింది.

"పోయినేడు నడిచి రమ్మన్నాను. తప్పు నాది, లోలా."

"నువ్వన్నది నిజమేలే. నడిచే వచ్చా." లోలా చుట్టూ ఉన్నవాళ్ల కాళ్లను చూపించింది. "ఎన్ని కాళ్లతో వచ్చానో లెక్కపెట్టుకో."

నీళ్లు నుదుట పడ్డాయి. హెర్మీనియా ఆమె పేరు ఊరంతా వినేలా గట్టిగా పలికింది.

మధ్యాహ్నం అందరూ ఉడికించిన కర్రపెండలం తింటుండగా, "కిందికి ఎప్పుడు దించుదాం? మేం ఏడుగురం కూడా పడతాం," అంది ఆమె.

"దించడమెందుకు?" అన్నాడు ఇస్యోంగ్ ఆశ్చర్యంగా. "వచ్చే ఆదివారం కూడా ఈవిడ చర్చికి రావాలి కదా."

చర్చి నడిమధ్యలో లోలా బసిలిసా అప్పటికే గురక పెడుతోంది. ఆమెను లేపాలని ఎవరికీ తోచలేదు.