లేస్తే రాలే గుండీలు

పొద్దున్నే దర్జీ మాస్టరు ఇంకా మంచం మీద ఉండగానే, ఆయన భార్య కాజాలమ్మ ఒళ్ళో కోటు పెట్టుకుని పక్కన కూర్చుని కాజాలు కుట్టుకునేది. ఆయనతో మాట్లాడాలంటే ఆ వేళప్పుడే మాట్లాడాలి. "ఎడమ భుజం దింపమన్నాను, దింపావా?" అని నిలదీసేవాడు. పార్కిన్సన్స్ వచ్చి ఏళ్ళయింది, చేతులు వణికేవి, కాళ్ళీడ్చుకుంటూ నడిచేవాడు, అయినా బుర్ర చెక్కుచెదరలేదు. పడుకున్నంతసేపూ, కూర్చున్నంతసేపూ అంతే. లేచి నిలబడ్డాడో, ప్యాంటు అంచుల్లోంచి గుండీలు టపటపా రాలేవి.

ఒక్కో గుండీలో ఆయనకి తెలిసిన సంగతి ఒకటుండేది. ఎవరు చేతిలోకి తీసుకుంటే వాళ్ళకి అది తెలిసిపోయేది. షాపులో కుట్టేవాళ్ళు వాటిని ఏరుతూ, "మాస్టారూ, ఎవరిదో మెడ కొలత పడేసుకున్నారు" అని బల్ల మీద పెట్టేవాళ్ళు. కూర్చోబెట్టి అరచేతిలో పోస్తే ఆయన మళ్ళీ మామూలు మనిషయ్యేవాడు.

కానీ కూర్చుంటేగా! గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా లేచేవాడు. ఎదుటివాళ్ళు కూర్చోమనేదాకా కూర్చునేవాడు కాదు. కూర్చుని పలకరించేవాడు దర్జీయే కాదని ఆయన పట్టు. అందుకే లోకమంతా చూసింది నిలబడ్డ మాస్టరునే. ఆఖరికి కన్నకొడుకు వచ్చినా లేచేవాడు, ఇప్పుడు షాపు వాడి చేతిలో ఉంది కనక. కొడుకేమో ఏదో అడిగి, జవాబు రాకపోతే నిట్టూర్చి, రాలిన గుండీల్ని బూటుతో పక్కకి నెట్టేవాడు. ఒక్కనాడూ వంగి తీసిన పాపాన పోలేదు.

"అమ్మా, నాన్నకి మతి పోయింది. మొన్న కోటు గుడ్డని నిలువునా కోసి పాడుచేశాడు. ముసలివాళ్ళని చూసుకునే చోటుంది, అక్కడ చేర్పిద్దాం. డాక్టరు రాసిస్తే చాలు," అన్నాడు ఒకరోజు కొడుకు.

కాజాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మతి పోలేదురా, కింద పడింది. నీ కాళ్ళ దగ్గరే ఉంది. కాస్త వంగు."

"ఏదైనా ఒకటేలే."

"పోవడానికీ పడడానికీ తేడా తెలీనివాడివి, నువ్వు షాపెలా నడుపుతున్నావురా?"

ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నర్సు మాస్టర్ని కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూసి, బాగుందంది. అంతలో డాక్టరు వచ్చాడు. ఇంకేముంది, మాస్టరు లేచి నిలబడ్డాడు, గుండీలు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి. డాక్టరు వాటి మీద కాలు పడకుండా దాటుకుంటూ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఈయన్ని మాత్రం కూర్చోమనలేదు.

"పెద్దాయనా, ఈవిడెవరు?"

మాస్టరు భార్యకేసి చూశాడు. నోరు తెరిచి, మూసేశాడు.

"వందలోంచి ఏడు తీసేస్తే?"

దానికీ జవాబు లేదు.

"చూశారుగా," అన్నాడు కొడుకు.

"చూశారు, నీ తలకాయ! ఆయన్ని కూర్చోబెట్టి అడగండయ్యా," అంది కాజాలమ్మ.

"మధ్యలో మాట్లాడకండమ్మా," అని డాక్టరు కలం తీశాడు.

ఆమె పళ్ళు కొరుకుతూ నేల మీదకి వంగి గుండీలు ఏరడం మొదలెట్టింది. తెల్ల గుండీ ఒకటి దొర్లుకుంటూ కొడుకు బూటు దగ్గరికి పోయింది. వాడు అలవాటుగా కాలు కదిపాడు.

"దాన్ని తన్నావంటే నువ్వు నా కడుపున పుట్టలేదనుకుంటాను," అంది తల్లి.

ఆమె గొంతు విని వాడు ఆగిపోయాడు. వంగి తీశాడు. గుండీ వెచ్చగా ఉంది. దాంట్లో ఉన్నది తెలిసిపోయింది.

'అబ్బాయి నన్ను వదిలించుకుందామనుకుంటున్నాడు. ఇవాళ కాగితం రాయిస్తాడు. వాడొస్తే లేచి నిలబడాలి, నలుగురిలో వాడి పరువు పోకూడదు.'

కొడుకు ఆ గుండీని పిడికిట్లో పట్టుకున్నాడు. తండ్రి భుజాలు పట్టుకుని మెల్లిగా గోడవారనున్న మంచం మీద పడుకోబెట్టాడు. "డాక్టరుగారూ, నాన్నకి లేచి నిలబడితేనే ఇలా అవుతుంది. ఇప్పుడు బీపీ చూడండి. తర్వాత నిలబెట్టి చూడండి," అన్నాడు.

పడుకోబెట్టి చూస్తే బాగానే ఉంది. నర్సు పట్టుకుని నిలబెట్టి చూసేసరికి దాదాపు సగానికి పడిపోయింది. డాక్టరు కలం పక్కన పెట్టేశాడు.

"పార్కిన్సన్స్‌లో కొందరికి ఇలా అవుతుంది. లేచేసరికి మెదడుకి రక్తం చాలదు, ఆలోచన మసకబారుతుంది. మందులు మార్చి చూద్దాం. కూర్చోబెట్టి ఒక్కసారి చూసి సరిపెట్టేశాం, పొరపాటే."

"పొరపాటట," అంది కాజాలమ్మ. మాస్టర్ని మళ్ళీ పడుకోబెట్టి అరచేతిలో గుండీలు పోసింది.

కాసేపాగి డాక్టరు అడిగాడు. "ఈవిడెవరండీ?"

"నా భార్య. కాజాలు కుట్టడంలోనూ కోపం తెచ్చుకోవడంలోనూ ఆవిడ తర్వాతే ఎవరైనా. వందలో ఏడు పోతే తొంభై మూడు. మీ కాలరు బిగుతైంది, షాపుకి రండి, వదులు చేయిద్దాం."

కొడుకు పిడికిలి తెరవలేదు.

"ఆ తెల్లది కూడా ఇచ్చెయ్," అంది తల్లి.

"వద్దమ్మా. ఇది నా దగ్గరుంటే నాన్నకి ఆ సంగతి తెలీకుండా పోతుంది."

"ఇచ్చెయ్. ఆయనకి తెలిసిందాన్ని దాచుకోడానికి నువ్వెవడివి?"

వాడు దాన్ని తండ్రి చేతిలో పెట్టాడు. మాస్టరు గుప్పిట మూసుకుని, కొడుకు మొహంలోకి చాలాసేపు చూశాడు.

మర్నాడు కొడుకు షాపులోకి వచ్చేసరికి మాస్టరు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూశాడు కానీ లేవలేదు. ఆయన కూర్చోమనేదాకా కొడుకు గుమ్మంలోనే నిలబడ్డాడు.