లింబాద్రి కిల్టులు

పట్టాళంలో బ్యాగ్‌పైపు వాయించి రిటైరై బోధన్ చేరిన లింబాద్రికి కిల్టులంటే ప్రాణం. మోకాళ్ల దాకా వేలాడే ఆ గళ్ల కుచ్చుల బట్టలతో బీరువా తలుపు పడటం లేదు. ఒక ఆదివారం అన్నింటినీ మంచం మీద పరిచాడు. చిమ్మెటలు కొట్టినవి పారేశాడు. నడుముకు చాలనివి తన దగ్గర వాయిద్యం నేర్చుకునే ఆడపిల్లలకు పంచాడు.

మొదటి పరేడ్‌లో కట్టిన ఎర్ర కిల్టు మాత్రం చేయి వదల్లేదు.

"గా కిల్టు నీకు పట్టదాయె. పెట్టెల వెట్టి ఏం జేస్తవ్?" అంది భార్య గంగామణి.

అతను నవ్వి, బాగా వాయించే నిరోషకు దాన్ని అందించాడు. "కట్టుకో బిడ్డా. ఇగ బాజా ముందల నువ్వే నడువాలె."

నిరోష కట్టుకుని నిటారుగా నిలబడితే అతని ఛాతీ ఉప్పొంగింది.

ఆ సాయంత్రమే నిజామాబాద్ వెళ్లి, పసుపూ ఆకుపచ్చా గళ్ల గుడ్డ ఏరుకుని, కొత్త కిల్టు కుట్టమని దర్జీ ముందు పెట్టాడు.

"ఆడోళ్లకా అన్నా?"

"నాకే. నడుము కాడ జర ఢీలు ఇడువు."

"జనం నవ్వరా?"

"నవ్వనీ తమ్మీ! బాజా మోగినంక అందరు నా ఎంటనే వస్తరు."