ఆడబిడ్డ సంతకం

“ఈ పొద్దన్నా ఆ పిల్ల నోరు మూసుకొని ఉంటే సాలు సామీ! లేకుంటే మన కాగితంలో మనమే పుల్ల పెట్టుకుంటామేమో” అంది ఈశ్వరమ్మ, మదనపల్లెలో బస్సు దిగకముందే.

“ముందు నువ్వు మూసుకో మే” అన్నాడు మొగుడు మునెప్ప.

ఆ పిల్ల అంటే వాళ్ళ కూతురు రమ్యశ్రీ. రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల గదిలో దస్తావేజులు రాస్తుంది. ఆ వరుసలో ఆడ రైటరు ఆమె ఒక్కతే. ఈశ్వరమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండలేదు. చెప్పాక దిష్టి తగులుతుందని భయపడకుండానూ ఉండలేదు.

ఈరోజు రాసింది సొంత ఇంటి కాగితం. కురబలకోట దగ్గర మునెప్ప తండ్రి పోతూ విడిచిన నాలుగెకరాల్లో అతని అక్క వెంకటమ్మకు సగం వస్తుంది. దాన్ని తమ్ముడికి వదిలేసి సంతకం పెట్టడానికి ఆమె కుప్పం నుంచి వచ్చి కూర్చుంది. ఆడబిడ్డ సంతకం పెడితే చీర పెట్టి పంపడం ఆనవాయితీ. ఈశ్వరమ్మ సంచిలో పట్టుచీర ఉంది. వెంకటమ్మ సంతకం పెట్టకపోతే బోరున్న చేను రెండుగా చీలుతుంది. టమోటా సాగు సగానికి పడుతుంది. ఆ తలపుకే ఈశ్వరమ్మ చీర సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

రమ్యశ్రీ కాగితం చదవడం మొదలుపెట్టింది. గొంతు ఖంగుమంది. పక్క గదుల రైటర్లు సైతం తలలెత్తి చూశారు. ‘నా కూతురే’ అని నలుగురికీ వినబడేలా చెప్పాలనిపించింది ఈశ్వరమ్మకు.

“...సదరు ఆస్తిలో నాకు గల సమస్త హక్కులను స్వంత ఇష్టంతో త్యజించుచున్నాను.” రమ్యశ్రీ అక్కడ ఆగింది. “అత్తా, త్యజించేదంటే ఏందో తెలుసునా?”

“వదిలేసేదే కదమ్మా. కాశీకి పోయొచ్చి నేను కాకరకాయ వదిలేయలా?”

“కాకరకాయే యాల వదిలితివి?”

“అది నాకు ముందే పడదు గదా!”

అందరూ నవ్వారు. రమ్యశ్రీ కూడా నవ్వి, కాగితం మీద వేలు పెట్టింది. “ఇది అట్లాంటిది కాదత్తా. మీ ఇంట్లో మామ బీడీ వదిలేసి మూడుతూర్లు మళ్ళా పట్టుకున్యాడు. కోపమొచ్చి పుట్టిల్లు వదిలినోళ్ళు పండక్కి వస్తారు. దీని కింద సంతకం పెడితే మాత్రం నువ్వు గానీ, నీ బిడ్డలు గానీ తిరిగి అడిగేదానికి లేదు.”

మునెప్ప ముఖం మాడింది. “ఏం పాపా, మీ నాయనకు రాస్తాండావా, మీ అత్తకు రాస్తాండావా?”

“నా ముందర కూసున్నోళ్ళకు రాస్తాండా నాయనా. ఊరోళ్ళందరికీ సదివి సెప్తా. మా అత్తకు సెప్పకుంటే ఎట్ల?”

కొంప మునిగింది అనుకుంది ఈశ్వరమ్మ. అనుకుంటూనే వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

వెంకటమ్మ పెన్ను బల్ల మీద పెట్టి మరదలి వైపు తిరిగింది. “ఈశ్వరమ్మా, నా తావులో నువ్వుంటే పెడతావా?”

ఈశ్వరమ్మ ఒళ్ళోని పట్టుచీర వైపు చూసింది. ఇరవై ఏళ్ళ కిందట పుంగనూరులో పుట్టింటి చేను కాగితం మీద అన్నలు వేలితో చోటు చూపిస్తే, అయిదో తరగతి చదువుతో నేర్చిన సంతకం తానూ పెట్టింది. పైన ఏముందో ఎవరూ చదివి వినిపించలేదు. ఎర్రంచు చీర పెట్టారు. అది కట్టుకుని మురిసిపోయింది కూడా. ఆ చేలో ఇప్పుడు కరివేపాకు రెబ్బ తుంచాలన్నా అన్న పెళ్ళాం ముఖం చూడాలి.

మునెప్ప దగ్గాడు. తెచ్చిన టీలు మీగడ కట్టాయి. ఎదుట ఆఫీసులో ఎవరినో రెండుసార్లు పిలిచారు. రమ్యశ్రీ అమ్మను ఏమీ అడగలేదు, కళ్ళతో బతిమాలనూ లేదు. కాగితం పట్టుకుని కూర్చుంది, అంతే.

“పెట్టను వదినా” అంది చివరికి ఈశ్వరమ్మ. “సదివి సెప్పే ఇట్లాంటి బిడ్డ ఉండింటే, ఆ పొద్దు కూడా పెట్టేదాన్ని కాదు.”