భీమయ్య బొగ్గు

పొద్దున్నే భీమయ్య దగ్గితే దోసెడు బొగ్గు రాలేది. ముప్ఫై ఏళ్ళు చంద్రపూర్ గనిలో దిగినవాడి ఛాతీలో ఇంకేముంటుంది? భార్య సారక్క దాన్ని చాటలోకి ఎత్తి, ఆ బొగ్గు మీద టీ పెట్టేది. వంట మాత్రం రేషన్ కిరసనాయిలు మీదే. గని బస్తీలో పాతవాళ్ళంతా అలాగే దగ్గేవారు. పోయినప్పుడు, ముసురు వానలోనైనా, వాళ్ళ చితికి ఒక్క అగ్గిపుల్ల చాలు.

గల్ఫు యుద్ధంతో చమురు ధర పెరిగిన ఏడు సర్కారు కిరసనాయిలు కోటా కోసింది. ఇంట్లో వేరే ఇంధనం ఉన్నవాళ్ళను ఏరెయ్యమని ఇంటింటికీ ఇన్‌స్పెక్టరును పంపింది. ఇంటికొచ్చినవాడికి టీ ఇవ్వకుండా పంపడం సారక్కకు చేతకాదు. భీమయ్య బొగ్గు రాజేసి, అల్లం దంచి మరీ పెట్టింది. ఆయన తాగి, బాగుందన్నాడు. చాటలో బొగ్గు చూసి, ఇంధనం ఉందని రాసుకుని, రేషన్ కార్డు మీద ముద్ర కొట్టాడు. ఆ ముద్రతో కిరసనాయిలు పోయింది. తాగిన టీకైనా సిగ్గుపడాల్సింది.

భీమయ్యను ఇక దగ్గనివ్వొద్దని, మిగిలిన బొగ్గు మీదే ప్రాణం నిలిచి ఉందని డాక్టరు చెప్పాడు. సారక్క పక్కనున్న బామ్ని ఊరి దారిలో పుల్లలు ఏరుకొచ్చింది. వానకు తడిసిన పుల్లలు పొగ తప్ప మంట ఇవ్వలేదు. ఆమె పస్తులుండటం భీమయ్య చూస్తూనే ఉన్నాడు.

ముద్ర తీయించడానికి నెలరోజులు ఆఫీసు చుట్టూ తిరిగింది. ఇంధనం లేదనడానికి రుజువేదని క్లార్కు మరాఠీలో అడిగాడు. డాక్టరు రాసిచ్చిన చీటీ బల్ల మీద పెట్టింది. ఆ బొగ్గు వాడరాదని అందులో ఉంది. క్లార్కు రెండుసార్లు చదివి పాత ముద్రను రద్దు చేశాడు. ఆ సాయంత్రమే రెండు లీటర్ల నీలం కిరసనాయిలుతో సారక్క ఇల్లు చేరింది.

పొయ్యిలో బొగ్గు ఎర్రగా మండుతోంది. అన్నం ఉడికింది. పక్కన గోడకు ఆనుకుని భీమయ్య, ఖాళీ సంచిలా.

"ఎప్పుడు తిన్నవో ఏమో. వేడి మీద తిను," అన్నాడు.

"గిదేం పని చేసినవయ్యా. నేను తెచ్చిన గదా." డబ్బా చూపించింది.

అతను డబ్బా వంక చూశాడు. ఏదో చెప్పబోయాడు గాని ఊపిరి అందలేదు.

మర్నాడు ఏటి ఒడ్డున అగ్గిపెట్టె అంతా అయిపోయినా చితి అంటుకోలేదు. భీమయ్యతో ఒకే షిఫ్టులో పనిచేసిన మల్లేశం తల దించుకుని అడిగాడు.

"వదినా, ఇంట్ల ఏమన్న ఉన్నదా?"

సారక్క వెళ్ళి డబ్బా తెచ్చింది. రెండు లీటర్లూ తన చేత్తోనే పోసింది. మళ్ళీ కోటా వచ్చేది పై నెలలోనే.