చెడిపోయిన బండే కావాలి

బండి కొనాలనుకున్న వాళ్ళెవరైనా మంచి బండి కోసం వెతుకుతారు. నేను మాత్రం చెడిపోయిన బండి కోసం వెతికాను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నాకు మతి పోయిందని మా తమ్ముడు కనబడ్డ వాళ్ళందరికీ టాంటాం వేస్తున్నాడు. నా మతి నా దగ్గరే ఉంది, భద్రంగా.

నాది కర్టెన్ల వ్యాపారం. ఇళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళి కొలతలు తీసుకుని, కుట్టించి, మళ్ళీ మేమే వెళ్ళి బిగించి వస్తాం. గుడ్డ తానులు, పొడుగాటి రాడ్లు, నిచ్చెన, డ్రిల్లింగ్ మిషను అన్నీ అద్దె వ్యానులోనే తిరగాలి. ఆ డ్రైవరు ఎప్పుడు వస్తే అప్పుడే నాకు తెల్లారినట్టు. కాబట్టి సొంత బండి కావాలన్నది అబద్ధమేం కాదు. అందరికీ చెప్పుకోవడానికి అది చాలు. అసలు కారణం మా ఆయన.

మా ఆయన మెకానిక్. షెడ్డులో ఉన్నంతసేపూ వీధి చివరిదాకా ఆయన గొంతే వినబడేది. బోల్టు సరిగ్గా బిగించని వాడినీ, బండిని నానా హింసలూ పెట్టి తెచ్చిన ఓనరునీ ఒకే నోటితో కడిగేసేవాడు. ఇంటికొచ్చాక నా వంతు. కూరలో ఉప్పు తక్కువైందనో, ఫ్యాను ఆపలేదనో మొదలెట్టేవాడు. నేనూ తక్కువ తినలేదు. మా అరుపులకి పక్కింటి వాళ్ళు మొదట్లో కంగారుపడేవారు. తర్వాత టీవీ సౌండు పెంచుకోవడం అలవాటు చేసుకున్నారు.

పోయినేడాది ఆయన గుండెకి ఆపరేషన్ అయింది. బాగానే జరిగింది. కొన్నాళ్ళు బరువులెత్తొద్దన్నారు, ఎత్తలేదు. ఆ తర్వాత డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిరగేసి, "ఇక మీ పని మీరు చేసుకోండి. చేసుకుంటేనే మంచిది కూడా" అంది. ఈయన బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూర్చోవడమే. షెడ్డు తాళం తియ్యలేదు. నేను ఏమడిగినా "ఊఁ". ఏం పెట్టినా తినేవాడు. ఒకరోజు పప్పులో అసలు ఉప్పే వెయ్యలేదని నేను నోట్లో పెట్టుకున్నాక గానీ తెలియలేదు. అప్పటికే ఆయన కిక్కురుమనకుండా తినేసి, కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టేశాడు. ఆ రోజు నాకు భయమేసింది. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. ఆస్పత్రి నుంచి మనిషి తిరిగొచ్చాడు గానీ మా ఆయన రాలేదు.

బతిమాలాను, దెప్పాను, ఏడ్చాను కూడా. ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. "పానా పట్టుకుని గట్టిగా తిప్పితే లోపల ఏదో తెగిపోతుందేమో అనిపిస్తోందే" అన్నాడు. అంతే, మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

మాటలతో పని కాదని అప్పుడర్థమైంది. అన్నం వద్దని మారాం చేసే పిల్లాడి ముందు ఇష్టమైనది పెట్టి పక్కకి తప్పుకుంటామే, అలా ఈయన కళ్ళెదుట ఒక పాడైపోయిన ఇంజన్ పెట్టాలి. పొద్దస్తమానం కిటికీలోంచి అదే కనబడుతుంటే ఎన్నాళ్ళని చేతులు ముడుచుకుంటాడు?

మా తమ్ముడు మాత్రం నాకోసం ఒక చిన్న వ్యాను చూసిపెట్టాడు. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయ్యేది, ఏ రోగమూ లేనిది. నేను దాని మొహం కూడా చూడనన్నాను. పైగా, ఫోన్లో ఒక ప్రకటన తీసి వాడి ముక్కు ముందు పెట్టాను. పాత ఎస్‌యూవీ, తక్కువ ధర, ఇంజన్ సమస్య ఉంది.

"సమస్య ఉందని వాడే రాసుకుంటే, నువ్వు ఎదురెళ్ళి తెచ్చుకుంటావా అక్కా?"

"నాకు నచ్చింది ఆ ముక్కే."

అసలు సంగతి చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు. "సరే, తెచ్చావు, గుమ్మం ముందు పెట్టావు. బావ దాన్ని ముట్టుకోకపోతే? నీ డబ్బు పోతుంది, బండి ఉండదు, పైగా పొద్దున లేస్తే బావకి తను చెయ్యలేని పనే కళ్ళముందు కనబడుతుంది. ఇప్పుడు కనీసం ప్రశాంతంగా ఉన్నాడు."

"ప్రశాంతమా, నా మొహమా! ముట్టుకుంటాడు."

"ఏమిటక్కా నీ ధీమా?"

"ఆయనతో కాపురం చేసింది నేను, నువ్వు కాదు."

వాడు చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. అది వాడితో అనాల్సిన అవసరం నాకు కనబడలేదు.

ఆదివారం పొద్దున్నే మా ఆయన చొక్కా తీసి మంచం మీద పెట్టాను. "బండి చూడ్డానికి వెళ్తున్నా. మీరొస్తే రండి, రాకపోతే ఓనరు ఎంతంటే అంత ఇచ్చి తోలుకొస్తా" అన్నాను. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. కొంటే ఏంటి, మానితే ఏంటి అన్నట్టే ఉంది ఆ వాలకం.

బండి ఒక ఫోటోగ్రాఫర్‌ది. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. ఇంటి పక్క సందులో పట్టా కప్పి ఉంచిన బండి మీంచి దుమ్ము లేవకుండా ఆ పట్టా మడుస్తూ, "అక్కా, మీకు అబద్ధం చెప్పను. పక్షుల ఫోటోల కోసం దీన్ని కొండలన్నీ ఎక్కించాను. ఇప్పుడు చిన్న ఎత్తెక్కినా వేడెక్కిపోతోంది. నీళ్ళు పోస్తే తాగేస్తోంది, ఎక్కడికి పోతున్నాయో తెలీదు" అన్నాడు. నేను మొహంలో సంతోషం కనబడకుండా జాగ్రత్తపడ్డాను.

మా ఆయన ఎదురుగా ఉన్న పిట్టగోడ మీద కూలబడి రోడ్డు వంక చూస్తున్నాడు. బండి వంక కన్నెత్తి చూడలేదు. "ఏమండీ, రండి" అంటే "నువ్వు చూడు" అన్నాడు. తమ్ముడి మాటలు గుర్తొచ్చాయి. అయినా పైకి తేలనివ్వకుండా, "స్టార్ట్ చెయ్యండి" అన్నాను ఫోటోగ్రాఫర్‌తో.

రెండుసార్లు మొండికేసి మూడోసారికి స్టార్టయింది. వెనకనుంచి తెల్లటి పొగ బయల్దేరింది. ఫోటోగ్రాఫర్ మమ్మల్ని మెప్పించడానికి కాబోలు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు.

"రేస్ చెయ్యకు!"

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. గోడ మీంచి మా ఆయన లేచి నిలబడి ఉన్నాడు. నేను అటు చూడనట్టే ఉండిపోయాను. ఆయన నడుచుకుంటూ వచ్చాడు. వెనక్కెళ్ళి పొగ దగ్గర వంగి వాసన చూశాడు. ముందుకొచ్చి బండి ఆపమన్నాడు. బానెట్ ఎత్తించి, ఆయిల్ పోసే మూత విప్పి, దాని అడుగున చూపుడు వేలుతో గీశాడు. వేలికి పాలు కలిపిన కాఫీ రంగు నురగ అంటుకుంది.

"ఆయిల్లో నీళ్ళు కలిశాయి. మొదట వేడెక్కినప్పుడు ఎక్కడున్నావు?"

"కొండ మీద సార్."

"ఆపావా?"

"చీకటి పడుతోందని... అలాగే ఇంటికొచ్చేశాను."

"వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటాక కొండ మీంచి ఇంటిదాకా తోలావా? అది ఇంజన్ అనుకున్నావా, పొయ్యి అనుకున్నావా? దానికి నోరు లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే నిన్ను నడిరోడ్డు మీద తిట్టేది!"

ఆహా! ఎన్నాళ్ళయింది ఈ గొంతు విని! పాపం ఫోటోగ్రాఫర్ మొహం మాడిపోయింది. నాకు మాత్రం పండగలా ఉంది.

ఆ పండగ ఎంతోసేపు నిలవలేదు. ఆయన నా వైపు తిరిగి ఖరాకండిగా చెప్పేశాడు. "వద్దు. హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజన్ పైనుండే హెడ్డు వంకర తిరిగి ఉంటుంది. రేడియేటర్ సగం పూడుకుపోయింది. టైర్లు చూడు, గుండు కొట్టించుకున్నాయి. ఇది బండి కాదు, ఇనుము. తూకానికి వేసుకోవాల్సిందే."

అని, గోడ పక్కనున్న అట్టపెట్టె ఒకటి చింపి నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరాడు. ఇనుమే అన్నాక ఇంకా కిందకెందుకు? నేను ఆలోచించలేదు. నా బుర్రలో ఆ "వద్దు" ఒక్కటే తిరుగుతోంది.

జీవితంలో ఎప్పుడూ ఏ పనికీ తటపటాయించని దాన్ని, ఆ సందులో నిలబడి ఎటూ తేల్చుకోలేకపోయాను. కొనకపోతే ఈయన తిన్నగా వెళ్ళి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటాడు. కొంటే? ఏడాది తర్వాత మొట్టమొదటిసారి ఒక ఇంజన్ చూసి, గొంతు పెంచి, ఇది పనికిరాదని తేల్చి చెప్పిన మనిషి. ఆయన మాట తోసేసి నేను బండి కొనుక్కొచ్చానంటే, ఆ మాటకి విలువ లేదని నేనే చాటినట్టు. చేతుల మీద నమ్మకం ఎలాగూ పోయింది. కనీసం తన లెక్క తప్పదన్న నమ్మకమైనా మిగలాలి కదా. బండి పోతే ఇంకో చెడిపోయిన బండి దొరుకుతుంది. ఆ నమ్మకం పోతే నేనెక్కడినుంచి తేను?

ఫోటోగ్రాఫర్‌ని పక్కకి పిలిచాను. "ఏమీ అనుకోకండి. ఆయన వద్దన్నాక నేను కొనను. ఆయన మాటే నా మాట" అన్నాను.

"పర్లేదక్కా. సార్ చెప్పింది నిజమేగా. తుక్కు వాళ్ళు అడుగుతున్నారు, రేపు రమ్మంటాను."

బండి కిందనుంచి కేక వినబడింది. "ఏయ్! ఎవరే నిన్ను మాట్లాడమంది?"

ముందు కాళ్ళు కదిలాయి. తర్వాత నడుము, తర్వాత మసిబారిన చొక్కా, చివరికి ఎర్రబడ్డ మొహం బయటికొచ్చాయి. లేస్తూనే మొదలెట్టాడు.

"పెద్ద మనిషిలా మధ్యలో దూరి వద్దు అనేస్తావా? నేను కింద ఏం చేస్తున్నానే, నిద్రపోతున్నానా? ఛాసిస్‌కి ఇంత తుప్పు కూడా లేదు. గేర్‌బాక్స్ పొడిగా ఉంది, ఒక్క చుక్క కారడం లేదు. ఈ ధరకి ఇలాంటి బండి నీ జన్మలో దొరుకుతుందా? తుక్కు వాళ్ళకి ఇచ్చేస్తావా, తుక్కు వాళ్ళకి?"

"మీరే కదండీ వద్దన్నారు?"

"కొనేవాడు వద్దనక ఇంకేమంటాడు? ఓనరు ముందు నిలబడి ముద్దులాడతాడా? బేరంలో ఉన్నానని ఆమాత్రం తెలీదా? ఇన్నేళ్ళు మెకానిక్ పెళ్ళానివై ఏం నేర్చుకున్నావు? ఫ్రిజ్ కొన్నప్పుడు నువ్వు పక్కన లేవూ?"

ఉన్నాను. ఆ ఫ్రిజ్‌ని అరగంట సేపు తిట్టి, షాపువాడు సిగ్గుపడి ధర తగ్గించాక, నవ్వుకుంటూ ఇంటికి తెచ్చాడు. మా ఆయన సంగతి నాకు తెలీదా? తెలుసు. కానీ ఏడాదిగా ఆయన నోట్లోంచి రాలిన ప్రతి ముక్కనీ రోగి మాటలా పట్టుకుని నమ్మడం అలవాటైపోయింది. మొగుడి మాటలా వినడం మర్చిపోయాను. ఇప్పుడు కోపంలో ఆయన తన బేరాన్ని తనే మంటగలిపాడు, ఛాసిస్ గొప్పదనం ఓనరు ముందే ఏకరువు పెట్టి. ఆ సంగతి గుర్తుచేసే పరిస్థితిలో నేను లేను. నాకు కావలసింది ఒకే ఒక్క ముక్క.

"హెడ్డు పోయిందన్నారుగా. మరి అదంతా బాగుచేసేదెవరు?"

"ఎవరేంటే? నీ తమ్ముడు చేస్తాడా? నేనే! నేను కాక ఎవడు దింపుతాడు ఆ హెడ్డు? కొలతలు తీసుకోవడం తప్ప ఏదైనా తెలుసా నీకు? నోటికొచ్చినట్టు వాగేసి, మళ్ళీ ఎవరు చేస్తారని అడుగుతోంది, చూడు!"

నా కళ్ళు నిండిపోయాయి. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. అది చూసి ఫోటోగ్రాఫర్ బెంబేలెత్తిపోయాడు. మా ఇద్దరి మధ్యకీ వచ్చి చేతులు అడ్డం పెట్టాడు.

"సార్, పోనివ్వండి సార్, అక్కని ఏమీ అనకండి. కావాలంటే ధర తగ్గిస్తాను..."

"ధర సంగతి తర్వాత. మీరు పక్కకి తప్పుకోండి" అన్నాను. "ఆయన్ని తిట్టనివ్వండి."